పదిహేడో నంబరు తలుపు

గురువారం లోపల ముగించవలసిన పనులు ఇవి. బడిపిల్లల పదకొండు చొక్కాలకి కాలర్లు వెయ్యాలి. నర్సుగారి కోటు భుజాల దగ్గర విప్పి మళ్ళీ కుట్టాలి. రెండు మిషన్లనూ అక్క ఇంటికి చేర్చాలి. కటింగు బల్ల ఎవరైనా తీసుకుంటారేమో వాకబు చెయ్యాలి. మామయ్యగారి మందులు మూటలో పైనే పెట్టాలి, అడుక్కి పోతే దొరకవు. నాకు తెలియకుండా నా మీద తీర్పు ఎలా వచ్చిందో కనుక్కోవాలి.

కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద, బట్ట మీద గీతలు గీసే సుద్దతో రాసిన జాబితా అది. దాన్ని బల్ల మీద పరిచి ఎదురుగా కూర్చున్న మనిషికి నలభై ఏళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తియ్యడం మరిచిపోయినట్టుంది.

"ఆ చివరి పని ఒక్కటీ నా వల్ల కాలేదండీ. అందుకే వచ్చాను," అంది.

ఆమె మాటలు వింటున్నది రికార్డమ్మ. కోర్టు రికార్డు గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధన కార్యాలయం పెట్టుకున్న ఆవిడకి ఆ పేరే మిగిలిపోయింది. పక్కన నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్న సహాయకుడిని అందరూ కండక్టరు అంటారు. మోకాళ్ళు మొరాయించేదాకా బస్సులో టికెట్లు కోసిన మనిషి. ఒకసారి చూసిన ముఖం మరిచిపోడు. అయితే ముఖాల వెనక ఏముందో రికార్డమ్మ చెబితేగాని తెలియదని అతనే ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకోవడం అతనికి ఒక గర్వం.

టైలరమ్మ చెప్పినదంతా అతను వరసగా రాసుకున్నాడు. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఆమె, మామగారు, ఇద్దరే. ఇంటికి ఆనుకుని ఒక కుట్టుపని గది ఉంది. కొడుకు పోయిన మూడు నెలలకే మామగారు దగ్గరుండి కట్టించి ఇచ్చాడట. ఆ గదే ఇద్దరికీ కూడు పెడుతోంది. పక్కింట్లో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉంటాడు. ఆయన పెరటి కాలవ నీళ్ళు వీళ్ళ గుమ్మం దాకా వస్తాయి. ఆ తడికి వీధి తలుపు అడుగు పలక కుళ్ళిపోయింది. రెండు నెలల కిందట మామగారే దాన్ని వడ్రంగికి ఇచ్చి బాగు చేయించాడు. కాలవ గురించి మాటా మాటా పెరిగి, మాటలు ఆగిపోయాయి.

పోయిన శుక్రవారం ఇద్దరు మనుషులు వచ్చి కుట్టుపని గది గోడకి ఎర్రరంగుతో గుర్తు పెట్టారు. గది మాస్టారి స్థలంలోకి వచ్చిందనీ, కోర్టు తీర్పు ప్రకారం గురువారం ఉదయం పడగొడతామనీ చెప్పారు. ఏ తీర్పు అని ఆమె అడిగితే నవ్వారట.

"ఉచిత న్యాయసహాయ కేంద్రంలో లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కాగితాలు తెప్పించి చూసింది. నాకు నోటీసు ఇచ్చారట, నేను మూడు వాయిదాలకీ రాలేదట, అందుకని మాస్టారు అడిగిందల్లా ఇచ్చేశారట. నోటీసు అందలేదని రుజువు చేస్తే తీర్పు పక్కన పెట్టించవచ్చు అంది. కానీ..." అని ఆమె సంచిలోంచి ఒక ఫొటో తీసింది. "ఇది చూసి ఆవిడే తల పట్టుకుంది."

కండక్టరు కూడా వంగి చూశాడు. ఆకుపచ్చ తలుపు. మధ్యలో తెల్లటి పెద్ద అంకెలు, పదిహేడు. వాటి కింద అంటించిన కోర్టు నోటీసు, ముద్రతో సహా. తలుపు అడుగు పలక మాత్రం రంగు లేకుండా పచ్చిచెక్కలా ఉంది. ఎడమ అంచున పైనా కిందా నాలుగేసి చిన్న చిల్లులు. నేల కనబడకుండా ఫొటో అక్కడితో ఆగిపోయింది. మూల తేదీ వేసి ఉంది. రెండు నెలల కిందటిది.

"తలుపు మీదేనా?" అని రికార్డమ్మ అడిగింది.

"మాదే. ఆ ఒకటి అంకె కాస్త వంకరగా రాసింది నేనే. కానీ ఈ కాగితం నా తలుపు మీద ఒక్క నిమిషం కూడా లేదండీ. ఉదయం ముగ్గురు, సాయంత్రం నలుగురు వస్తారు మా ఇంటికి బట్టలిచ్చేవాళ్ళు. ఎవరో ఒకళ్ళు చూసేవాళ్ళు కదా."

ఫొటోతో పాటు కోర్టు నోటీసులు అందించే అమీనా రాసిన నివేదిక నకలు ఉంది. రెండే వాక్యాలు. ఇంటివారు ఎవరూ లేరు. వీధి తలుపుకు ఇద్దరు సాక్షుల ఎదుట నోటీసు అంటించితిని. కింద ఒక సాక్షి సంతకం, పెన్నుతో కాదు, గడ్డపారలాంటి లావు పెన్సిలుతో చేసింది. రెండో సాక్షిది ఎడమ బొటనవేలి ముద్ర. పక్కన 'కూలీ, చదువు రాదు' అని ఉంది. రికార్డమ్మ భూతద్దం తీసి ఆ వేలిముద్రను చాలాసేపు చూసింది. తర్వాత అద్దం కండక్టరుకి ఇచ్చింది. గీతల మధ్య ఆవగింజల కంటే చిన్న తెల్లచుక్కలు ఏడెనిమిది ఉన్నాయి. కాగితం నాసిరకం అనుకుని అతను అద్దం తిరిగి ఇచ్చేశాడు.

టైలరమ్మ వెళ్ళాక అతను తన అభిప్రాయం దాచుకోలేదు. మాస్టారు అమీనాని కొనేశాడని, ఫొటో తీసి కాగితం పీకేశారని, ఇందులో భూతద్దం అవసరమే లేదని అన్నాడు.

"అలాగే అనుకుందాం," అంది రికార్డమ్మ. "అయితే ఆ తలుపు ఎక్కడ నిలబడి ఉందో చెప్పండి."

తలుపు గుమ్మానికి కాక మరెక్కడ నిలబడుతుందని అతను లోలోపల గొణుక్కున్నాడు.

మర్నాడు ఇద్దరూ ఆ వీధికి వెళ్ళారు. పదిహేడో నంబరు తలుపు పైనుంచి కిందిదాకా ఒకే ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతోంది. రికార్డమ్మ అడుగు పలకని గోటితో గీకి చూసి, ఈ రంగు ఎవరు వేశారని అడిగింది. ఇంటికి వచ్చేసరికే వేసి ఉందని, పచ్చిచెక్కగా తను ఎప్పుడూ చూడలేదని టైలరమ్మ చెప్పింది. తలుపు లేని తొమ్మిది రోజులూ గుమ్మానికి నీలం టార్పాలిన్ కట్టుకున్నారట.

కుట్టుపని గదిలో కిటికీ పక్కన మామగారు కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, శుభ్రంగా ఉన్నాడు. పక్కనే మడిచిన దినపత్రిక, దాని మీద కళ్ళజోడు పెట్టె. వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ కోడలి మిషను మీద ఉంది. ఆయన మాత్రం వట్టి వేళ్ళతోనే కుడుతున్నాడు. సూది బొత్తాం కిందనుంచి వచ్చిన ప్రతిసారీ ఎడమ బొటనవేలికి తగులుతోంది. ఆయనకి అది తెలుస్తున్నట్టు లేదు.

"గుచ్చుకోదా పెద్దాయనా?" అని కండక్టరు అడిగాడు.

"తొమ్మిదేళ్ళ నుంచి గుచ్చుకుంటోంది నాయనా. దానికీ విసుగొచ్చింది, నాకూ విసుగొచ్చింది. ఇద్దరం సర్దుకున్నాం."

కండక్టరు మనసారా నవ్వాడు. ఈ మనిషి నెత్తిమీది నీడ పడగొడతారా అని మాస్టారి ఇంటి వైపు గుర్రుగా చూశాడు. రికార్డమ్మ టేపు తీసి గోడ కొలుద్దామనగానే ముసలాయన సూది ఆగింది. కొలిస్తే ఏమొస్తుందమ్మా, ఇది నిన్న మొన్నటి గోడ కాదు, దీని జోలికి పోకుండా ఆ తీర్పు సంగతేదో చూడండి అని బతిమాలినట్టు అన్నాడు. ఆవిడ సరేనని టేపు చుట్టేసింది. బయటికి వచ్చాక మాత్రం గేటు దగ్గర నిలబడి, రెండిళ్ళ మధ్య పాత హద్దురాళ్ళు తిన్నగా వెళ్ళి ఎక్కడ మాయమవుతున్నాయో చూసింది.

డ్రిల్లు మాస్టారు వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. వెన్ను విల్లులా కాదు, బల్లెంలా ఉంది. తను కోర్టులో మొదట అడిగింది హద్దు తేల్చమన్న ఒక్క మాటేనని, ఆమె వచ్చి కూర్చుని మాట్లాడితే కాలవ కూడా తిప్పించుకునేవాణ్ణని చెప్పాడు. రాలేదు కాబట్టి పంతం పెరిగింది. లాయరు ఇదీ అడగండి, అదీ అడగండి అంటే అన్నిటికీ సంతకం పెట్టాడు. గది కట్టినప్పుడు తను బదిలీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. కట్టించింది పెద్దాయనేనట.

"మూడు వాయిదాలు ఆ కోర్టు బల్ల మీద ఒంటరిగా కూర్చున్నానండీ. పిలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. నన్ను పూచికపుల్లలా తీసిపారేసింది. ఇప్పుడు ఏడిస్తే నేనేం చెయ్యను?"

తిరిగి వచ్చే దారిలో కండక్టరు, ఇంత నటన బస్సులో టికెట్టు లేనివాడు కూడా చెయ్యలేడని అన్నాడు. రికార్డమ్మ బుధవారం మధ్యాహ్నానికి అమీనాని, వడ్రంగిని, లాయరమ్మని, మాస్టారిని కుట్టుపని గదికి రప్పించమని, ఎవరినీ ముందుగా ఏమీ అడగవద్దని మాత్రం చెప్పింది. ఆ పూట ఆవిడ ముఖంలో కేసు తేలినప్పటి వెలుగు లేదు. అది అతనికి అంతుపట్టలేదు.

బుధవారం ఆ గదిలో సగం సామాను మూటలు కట్టి ఉంది. మాస్టారు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. అమీనా పాతికేళ్ళవాడు, ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు, చంకలో సంచి. వడ్రంగి చెవిలో బల్లపరుపు పెన్సిలు దోపుకుని మూటల మధ్య నిలబడ్డాడు. లాయరమ్మ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఫైలు తెరిచింది. ముసలాయన కిటికీ దగ్గర తన చోటనే ఉన్నాడు.

రికార్డమ్మ ఫొటో పైకెత్తింది. "ఇది నిజమైన ఫొటో. ఈ నివేదిక రాసినవాడు తెలిసి ఒక్క అబద్ధం రాయలేదు. ఈ అమ్మాయికి నోటీసు అందలేదన్నదీ అబద్ధం కాదు. ముందు ఈ మూడూ ఒప్పుకోండి."

ఆవిడ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. గుమ్మానికి బిగించిన తలుపు అంచున బందులు ఉంటాయి. ఫొటోలో బందులు లేవు, మేకులు ఊడదీసిన చిల్లులు ఉన్నాయి. ఇంటికి వచ్చేసరికి రంగు వేసి ఉన్న పలక ఫొటోలో పచ్చిగా ఉంది. అంటే నోటీసు అంటించిన రోజున ఈ తలుపు ఇంట్లో లేదు, వడ్రంగి కొట్టులో గోడకి చేరేసి ఉంది. మొదటి సాక్షి సంతకం ఏ పెన్సిలుతో చేసిందో ఇక్కడున్న ఎవరైనా చెప్పగలరు.

అందరూ వడ్రంగి చెవి వైపు చూశారు. అతను పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టమన్నాడు, పెట్టాను," అన్నాడు. "ఇది పదిహేడో నంబరు తలుపేనా అని ఈ బాబు అడిగాడు. అవునన్నాను. అందులో నా తప్పేముందండీ?"

రికార్డమ్మ అమీనా వైపు తిరిగింది. ఇంటికి వెళ్ళావు, తలుపు లేదు, గుమ్మానికి టార్పాలిన్ ఉంది, గోడకి అంటించకపోయావా అని అడిగింది.

అమీనా చంకలో సంచి సర్దుకున్నాడు. "తలుపుకి అంటించాలి అని రాసుంది మేడం. గోడ అని లేదు. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు వారాలే. తలుపు వడ్రంగి కొట్టులో ఉందని తెలిసింది, అక్కడికి వెళ్ళి అంటించాను."

లాయరమ్మ చేతిలో పెన్ను కింద పడింది. కండక్టరు నోటు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు.

"తలుపు అక్కడుందని నీకెవరు చెప్పారు?"

"ఈ ఇంట్లో ఉన్న మనిషే. అప్పుడు ఇంకెవరూ లేరు. ఇంటివాళ్ళయితే చేతికిచ్చేసేవాణ్ణి. తను ఇంటివాణ్ణి కానని, బొత్తాలు కుట్టే కూలీనని, చదువు రాదని అన్నాడు. నాతో పాటు కొట్టుదాకా వచ్చాడు. వేలిముద్ర కూడా వేశాడు." అమీనా చూపు కిటికీ దాకా వెళ్ళి ఆగింది. "ఆయనే."

కండక్టరుకి ముఖాలు మరిచిపోని అలవాటుంది గాని, ఆ క్షణంలో ముసలాయన ముఖం ఎవరిదో కొత్తవాడిది చూసినట్టు కనిపించింది. నిన్న తను మనసారా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. రికార్డమ్మ వేలిముద్ర కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆ తెల్లచుక్కలు సూదిపోట్లని, టోపీ తొడుక్కోకుండా ఏళ్ళ తరబడి కుట్టిన వేలికి తప్ప అలాంటివి ఉండవని చెప్పింది. చదువు రానివాడి పక్కన దినపత్రిక, కళ్ళజోడు ఎందుకుంటాయని నిన్ననే అనుకున్నానంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

అమీనా వెళ్ళగానే పెద్దాయన తడిగుడ్డతో కాగితం ఊడదీశాడని, ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తాడు కాబోలని తను అనుకున్నానని వడ్రంగి తలవంచుకుని చెప్పాడు.

టైలరమ్మ అరవలేదు. మూట మీద కూలబడి, మామగారి వైపు తిరిగింది.

"రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని బొత్తాలు కుట్టారు కదా మామయ్యగారూ. ఒక్క పూటైనా నోరు రాలేదా?"

ముసలాయన చేతిలో చొక్కా ఇంకా అలాగే ఉంది.

"నేను చేత్తో పుచ్చుకోకపోతే ఆ కాగితం చచ్చిపోతుందనుకున్నానమ్మా. మా నాన్న అదే చెప్పేవాడు, మా వీధిలో అందరూ అదే చెప్పేవాళ్ళు. కోర్టు కాగితం చేత్తో పుచ్చుకుంటేనే కేసు నీదవుతుంది, పుచ్చుకోకపోతే వాళ్ళే విసిగిపోతారని. ఇంటి తలుపు ఇంట్లో లేనప్పుడు దాని మీద అంటించింది లెక్కలోకి రాదనుకున్నాను. గది పోతుందని తెలిస్తే..."

"ఎందుకు దాచాలనుకున్నారో కూడా చెప్పెయ్యండి," అంది రికార్డమ్మ మెల్లగా. "హద్దురాళ్ళు ఈ గోడ కిందికి వెళ్తున్నాయి."

ఆయన మాస్టారి వైపు తిరిగాడు. "అడుగున్నర. మీ స్థలమే మాస్టారూ. తెలిసే జరిపాను. హద్దుకి కడితే గది మరీ ఇరుకయింది. మిషను తొక్కేటప్పుడు అమ్మాయి మోచెయ్యి గోడకి కొట్టుకునేది. వాడు పోయి అప్పటికి మూడు నెలలు. నా చేతులారా ఇచ్చింది ఇదొక్కటే. అది దొంగ సొత్తని అమ్మాయికి తెలియకూడదనుకున్నాను. కేసు నడిస్తే కొలతలకి మనుషులొస్తారు కదా."

బల్లెంలా నిలబడ్డ మాస్టారు ఇందాక తనకిచ్చిన కుర్చీని వెతుక్కుని కూర్చున్నాడు. పంతం పట్టి పడగొట్టించబోయింది, కబురే అందని మనిషి బతుకుతెరువునని ఆయనకి అప్పటికి మింగుడుపడింది. "నేను తలుపు తట్టి ఉండాల్సింది," అన్నాడు. "పదడుగుల దూరం. కోర్టు చుట్టూ తిరిగాను గాని పదడుగులు వెయ్యలేదు."

తర్వాత చెయ్యవలసింది లాయరమ్మ చెప్పింది. తీర్పు ఆగాలంటే పెద్దాయన జరిగినదంతా తన నోటితో చెప్పి, సంతకం చేసి, రేపు పొద్దున్నే కోర్టు ముందు నిలబడాలి. నోటీసు దాచినందుకు న్యాయమూర్తి నిలదియ్యవచ్చు. అడుగున్నర సంగతి కూడా బయటపడుతుంది. అది దాచితే ఈ అర్జీకి కాళ్ళుండవు.

"రాయమ్మా," అన్నాడాయన.

గురువారం ఉదయం పడగొట్టే మనుషులు పారలతో వీధి మొగలో నిలబడి ఉండగా, కోర్టు నుంచి నిలుపుదల ఉత్తరువు తెచ్చింది మాస్టారే. ఆయన పరిగెత్తడం ఆ వీధి అంతవరకూ చూడలేదు. తర్వాత న్యాయసహాయ కేంద్రంలో రెండిళ్ళవాళ్ళనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మూడు పూటలు మాట్లాడించారు. కాలవ మళ్ళింది. గోడ అడుగున్నర వెనక్కి వచ్చింది. గది ఇరుకైంది గాని నిలబడింది. రెండు మిషన్లూ ఎదురెదురుగా వేసుకుని టైలరమ్మ పని చేసుకుంటోంది. మామగారికి వేళకి అన్నం పెడుతుంది, మందులిస్తుంది. మునుపటిలా కబుర్లు చెప్పడానికి మాత్రం ఆమెకి ఇంకా మనసు రావడం లేదు. ఆయన అడగడమూ లేదు.

ఆ కేసు ఫైలు కట్టేటప్పుడు కండక్టరు ఒక్క మాట అడిగాడు. ముసలాయనని దోషి అని రాయాలా, ఇంకేమైనా రాయాలా అని. ఏం జరిగిందో అదే రాయండి, దానికేం పేరు పెట్టాలో చదివేవాళ్ళు చూసుకుంటారు అంది రికార్డమ్మ.

ఇంతదాకా చదివిన మీకు ఒక మనవి. కోర్టు నోటీసును పరుపు కింద దాచే మనిషి ఏదో ఒక ఇంట్లో ఈపాటికి ఉండే ఉంటాడు. ఉచితంగా సలహా చెప్పే చోటు రెండు వీధుల అవతలే ఉందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అలాంటి మనిషి మీకు ఎదురైతే తిట్టడానికి ముందు, తన వాళ్ళ నీడ పోతుందన్న భయంతో ఆ నీడనే పోగొట్టబోయి, చివరికి నలుగురిలో నిలబడి నిజం చెప్పిన ఈ బొత్తాల పెద్దాయనని ఒక్కసారి గుర్తుచేసుకోండి.